ఎడమ వరుస

"మళ్ళీ తప్పాడు!"

ఆలివ్‌లు నములుతూ చూస్తున్న ముసలి ఫానియస్ చెక్కబల్ల మీంచి లేచి నిలబడ్డాడు.

కింద ఆటస్థలంలో నాటక బృందం చెల్లాచెదురైంది. అందరూ కుడికి తిరిగితే, ఎడమ వరుసలో ఒకడు ఎడమకు తిరిగి పక్కవాణ్ణి గుద్దేశాడు. విధవరాలి ముఖం వేసిన ముసుగొకటి ఊడి మట్టిలో పడింది.

"నీ కాళ్ళకేం రోగం, ఎర్గినస్?" గురువు నెత్తి కొట్టుకున్నాడు. "జనానికి ఎదురుగా ఉండే వరుస మేటిగాళ్ళకే ఇస్తాం. మొన్నటిదాకా మేటి నువ్వే కదరా!"

"తెలీదు గురువుగారూ. అడుగు పడటం లేదు."

"పడకపోతే పో!" పైనుంచి అరిచాడు ఫానియస్. "పనికొచ్చేవాళ్ళు కాచుకుని ఉన్నారు."

కాచుకుని ఉన్నది అతని చిన్నకొడుకు నికోన్. ద్రాక్షసారా దేవుడు దియోనిసస్ జాతరలో ఆడే బృందానికి, జాతర ముగిసేదాకా సైన్యం పిలుపు వర్తించదు. నికోన్‌కి పిలుపు వచ్చేసింది. సరిహద్దుకు సేన కదిలేలోగా బృందంలో ఒక్క చోటు ఖాళీ కావాలి. పెద్దకొడుకు లాకిస్ కిందటేడు అదే సరిహద్దు నుంచి బూడిదై తిరిగొచ్చాడు.

ఫానియస్ గబగబా దిగి వచ్చాడు.

"ఏరా, సిగ్గులేదూ? ఇంత ఒడ్డూ పొడుగూ పెట్టుకుని ఆడదాని ముసుగులో దాక్కున్నావు. అందులోనైనా సరిగ్గా ఏడవలేవా?"

బృందం నవ్వింది. "మరి నీ కొడుకు దేనికొస్తున్నాడు తాతా?" అన్నాడెవడో.

"నా ఇల్లు ఇవ్వాల్సింది ఇచ్చేసింది!" ఫానియస్ గొంతు చీలింది. "యుద్ధ వరుసలో డాలు సగం తనకి, సగం ఎడమపక్కవాడికి. నావాడు పక్కవాణ్ణి కాస్తూ తనని వదిలేసుకున్నాడు. ఆ పక్కవాడు ఒక్కసారి మా గుమ్మం తొక్కాడా? ఎక్కడో ఆలివ్‌లు నములుతూ ఉంటాడు!"

ఎర్గినస్ వంగి ముసుగు తీసుకున్నాడు. అంగీ అంచుతో మట్టి తుడిచాడు.

"ఇచ్చెయ్ అది," అన్నాడు గురువు విసుగ్గా. "నికోన్, రా."

ఎర్గినస్ తనే నికోన్ తల వెనక తాడు ముడివేశాడు. "చెవి పైనుంచి కట్టుకో. ఒరుసుకోదు."

వెళ్ళిపోతున్న అతని వీపు మీద ఫానియస్ ఆలివ్ గింజ ఉమ్మాడు. ఎర్గినస్ తిరిగి చూడలేదు.

జాతర వచ్చింది. బృందం నిండా విధవరాళ్ళు, అందరికీ ఒకే ముఖం. నికోన్ ఎవరో ఫానియస్ పోల్చుకోలేకపోయాడు. అయినా నిశ్చింతగా కూర్చున్నాడు. వాళ్ళ నాటకాల్లో చావు కళ్ళముందు జరగదు. ఎవడో పరుగున వచ్చి చెబుతాడు. ఆ కబురుకే కొండవాలు మీద కూర్చున్న జనమంతా ఏడ్చారు.

ఆట అయ్యాక, బయటికి వచ్చే దారిలో చేతికి కట్టుతో ఒక సైనికుడు నిలబడి ఉన్నాడు.

"లాకిస్ తండ్రివి నువ్వేనా పెద్దాయనా? నీ చిన్నకొడుకు ఆడాడో లేదో కనుక్కోమన్నాడు ఎర్గినస్."

"ఆడాడు. వాడి కంటే బాగానే ఆడాడు! అంత ఆరాటంగా ఉంటే వాణ్ణే వచ్చి అడగమను."

"రాలేడు. మొన్న వాగు దగ్గర పోయాడు. పోతూ పోతూ చెప్పిన మాట అది."

"యుద్ధానికి వెళ్ళాడా? ఆ కాళ్ళతోనా?"

పక్కనే ఉన్న నికోన్ ముసుగు చేతిలో పట్టుకుని నేల చూస్తున్నాడు.

"అతని కాళ్ళకేం కాలేదు నాన్నా. రోజూ పొద్దున్నే నాకు ఆ అడుగు నేర్పింది అతనే. ఒక్కసారీ తప్పలేదు. మానుకుంటానంటే గురువు వదల్లేదట. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

"ఎందుకు?" ఫానియస్ సైనికుడి భుజం పట్టి కుదిపేశాడు. అరుపులో కోపం తగ్గలేదు, అది ఎవరి మీదో మాత్రం తెలియలేదు. "మేం వాడికేమవుతాం? ఎవడు వాడు?"

సైనికుడు నెమ్మదిగా ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

"కిందటేడు వరుసలో మీ లాకిస్‌కి ఎడమపక్కన నిలబడింది అతనే, పెద్దాయనా."