ఊటీలో చలి

హర్షిణి ఇంట్లో దొంగతనం చెయ్యాలన్న బుద్ధి పరమేష్‌కు పుట్టించింది హర్షిణే. రోజుకు ఇరవైసార్లు వాట్సాప్ స్టేటస్ పెట్టి మరీ పుట్టించింది.

సోమవారం మైసూరు. నలుగురు స్నేహితురాళ్లు పట్టుచీరల కొట్లో ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మంగళవారం నెయ్యి కారుతున్న దోసె, దాని పక్కన మైసూరుపాకు, దాని పక్కన ఇంకో మైసూరుపాకు. బుధవారానికి ఊటీ చేరారు. స్వెట్టర్లు, గుర్రాలు, వేడివేడి బజ్జీలు, సంచుల కొద్దీ చాక్లెట్లు. తిన్న మెతుకు ఊరందరికీ చూపించందే అరగదు కాబోలు ఆ మహాతల్లికి.

పరమేష్ కడపలో ఏసీ మెకానిక్. ఏసీ మొరాయిస్తే పిలవడానికి ఆవిడ ఇతని నంబరు దాచుకుంది, ఇతను ఆవిడది దాచుకున్నాడు. ఆ పుణ్యానికి ఆవిడ తిన్న ప్రతి దోసె ఇతని ఫోన్లోకీ వచ్చి పడుతోంది.

"సంగటి సల్లారిపోతాండాది. ఊరోళ్ల తిండి చూస్తే నీ కడుపు నిండుతాదా?" అంది భార్య నాగలత.

"ఇది చూడు మే. ఇంటికి తాళమేసి, నేను ఇంట్లో లేనని ఊరంతా చాటింపు ఏస్తాండాది. దొంగలను బొట్టు పెట్టి పిల్చినట్టు లేదా?"

"పిలిస్తే దొంగోళ్లు పోతార్లే. నీకేం పని? తిను."

పరమేష్‌కు ముద్ద దిగలేదు. ఏప్రిల్ నెల నుంచీ గొంతులో ఒకటి అడ్డం పడి ఉంది మరి. ఆ ఇంట్లో ఏసీ సర్వీసు చెయ్యడానికి పోయి, మిట్టమధ్యాహ్నం రెండు గంటలు గోడ పట్టుకుని వేలాడి, దిగొచ్చి "రోన్ని నీళ్లియ్యమ్మా" అన్నాడు. ఆవిడ ఫోన్లోంచి తలెత్తకుండా బయటి కుళాయి వైపు వేలు చూపించింది. కడప ఎండలో ఆ కుళాయి నీళ్లతో టీ కాచుకోవచ్చు. అంతటితో ఆగిందా? అతని ఎదురుగానే పడకగదిలో బీరువా తెరిచి, కొత్త హారం మెడకు పెట్టుకుని, వీడియో కాల్‌లో స్నేహితురాళ్లకు చూపించి మురిసిపోయింది. మెకానిక్కు కూడా కళ్లుంటాయని ఆవిడకు తోచనే లేదు.

ఆ హారం పోతే తెలిసొస్తుంది. అప్పుడు పెట్టుకోనీ స్టేటస్!

గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయలుదేరాడు. దొంగతనానికి రాత్రే పోవాలన్నవాడు కడపలో మే నెల చూసి ఉండడు. వీధిలో కుక్క కూడా లేదు. హర్షిణి మొగుడు వీరభద్రకు ఎర్రగుంట్లలో సిమెంటు లారీల వ్యాపారం. తెల్లారి పోతే చీకటి పడ్డాకే రాక. గేటుకు, ముందు తలుపుకు తాళాలు వేలాడుతున్నాయి. వెనక గిన్నెలు కడిగే చోట ఉన్న తలుపు గడియ స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తితే లేస్తుందని పరమేష్‌కు ఎప్పుడో తెలుసు.

గోడ దూకి వెనక్కి చేరాడు కానీ, వెంటనే గడియ ముట్టుకోలేదు. ఇంతకుముందు ఒక స్క్రూ కూడా దొంగిలించి ఎరగడు. పట్టుబడితే జైలు సంగతి దేవుడెరుగు, ఈ ఊళ్లో ఇంకే ఇంటి తలుపూ తనకు తెరుచుకోదు. పద్నాలుగేళ్ల నమ్మకం ఒక్కపూటలో బూడిదవుతుంది. నాగలత మొహం ఎట్లా చూడాలి?

అందుకే ఒకటికి మూడుసార్లు సరిచూసుకున్నాడు. గోడమీది ఔట్‌డోర్ యూనిట్ మీద చెయ్యి పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. ఏసీ నీళ్లు పడే బకెట్‌లో చూశాడు. చుక్క లేదు. ఈ ఎండలో ఏసీ వెయ్యకుండా ఆ ఇంట్లో హర్షిణి ఉండడమా? సూర్యుడు పడమట పొడిచినా అది జరగదు. ఇతని చదువంతా అక్కడే ఉంది, ఆ చదువు ఇప్పటిదాకా తప్పలేదు.

చివరగా ఫోన్ తీశాడు. మూడు నిమిషాల కిందట పెట్టిన స్టేటస్. నలుగురూ ఒకే దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నారు. కింద, 'అబ్బబ్బ, ఊటీలో ఏం చలి! పళ్లు టకటకలాడుతున్నాయి!'

"టకటకలాడనీ తల్లీ" అనుకుని గడియ ఎత్తాడు.

లోపల కిటికీలన్నీ మూసి, తెరలన్నీ దించి, ఇల్లు ఇటుకల బట్టీలా ఉంది. వంటింట్లో బొరుగుల ఉగ్గాని తిరగమోత వాసన. పెళ్లాం ఊళ్లు తిరుగుతుంటే మొగుడు పాపం చెయ్యి కాల్చుకుంటున్నాడు కాబోలు. పడకగదిలోంచి ఫ్యాన్ చప్పుడు. ఆపకుండానే పోయింది చూడు, కరెంటు కూడా ఆవిడకు లెక్కలేదు అని పళ్లు కొరికి, తలుపు తోశాడు.

బీరువా ముందు నేలమీద హర్షిణి కూర్చుని ఉంది.

నెత్తిన తడి తువ్వాలు, కాళ్లు నీళ్ల బకెట్‌లో, ఒళ్లో ఉగ్గాని పళ్లెం, చేతిలో ఫోన్. చెమట గడ్డం మీదుగా పళ్లెంలోకి కారుతోంది.

ఆవిడ ఒక్క కేక పెడితే చాలు, పరమేష్‌కు కడప మూతపడినట్టే. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు.

ఆవిడ బకెట్‌లోంచి ఎగిరి వచ్చి ఆ నోరు మూసింది.

"అరవొద్దప్పా, నీకు దండం పెడతా, పక్కింటోళ్లు వింటారు!" అంది గుసగుసగా. "ఈ ఏడు నా ఫ్రెండ్సు నన్ను వదిలేసి పోయినారు. వాళ్లకు తప్ప ఊరందరికీ కనపడేట్టు పోయినేడు ఫొటోలు పెట్టుకుంటాండా. బీరువా తాళం దిండు కింద ఉండాది, ఫ్రిజ్‌లో సల్లటి నీళ్లుండాయి, కడుపునిండా తాగి నీకేం కావాల్నో అది తీస్కపో... నేను ఇంట్లో ఉండానని మాత్రం యాడా చెప్పొద్దు నాయనా!"