తోమిన బిళ్ళ

చింతపండు గుజ్జులో నానుతున్న రెండు రూపాయల బిళ్ళను చూసి, పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"దాన్నెందుకు తోముతున్నారమ్మా?"

"ఫొటో మంచిగ రావాల్నట," అంది యశోద, బిళ్ళను వేలితో రుద్దుతూనే.

మిర్యాలగూడ బస్టాండ్ గేటు పక్కన ఆమె టీ బండి. పొద్దున్నే కండక్టర్లు నోట్లిచ్చి ఆమె దగ్గరే చిల్లర తీసుకెళ్తారు. నిన్న ఆ చిల్లర ఏరుతుంటే ఈ పాత బిళ్ళ కంటపడింది. దాని మీద ప్రతి అక్షరం పక్కనా నీడలాగా ఇంకో అక్షరం ఉంది.

ఇలాంటి తప్పుల బిళ్ళలకు లక్షలొస్తాయని ఫోన్‌లో ఒక వీడియో చూసింది. అందులోని నంబరుకు ఫొటో పంపింది. పావుగంటలో ఫోనొచ్చింది. తొమ్మిది లక్షలకు కొంటామని, రిజిస్ట్రేషన్‌కు ముందుగా ఇరవై వేలు పంపాలని, బిళ్ళ శుభ్రంగా తోమి ఇంకో ఫొటో పెట్టాలని అవతలివాడు చెప్పాడు.

సరిగ్గా ఇరవై వేలే ఉన్నాయి ఆమె ఖాతాలో. వేములపల్లిలో భర్త రామనర్సయ్య రెండు గొర్రెలమ్మి వేసిన డబ్బు. రోడ్డుకు అవతల ఖాళీ అయిన షట్టర్ దుకాణానికి అడ్వాన్సు. రేపటిలోగా కట్టకపోతే అది వేరేవాళ్ళకు పోతుంది. ఎండలో వానలో పన్నెండేళ్ళు బండి నెట్టిన మనిషికి ఆ షట్టర్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కానీ తొమ్మిది లక్షలొస్తే షట్టర్ కిరాయికెందుకు, కొనొచ్చు.

పెద్దాయన బిళ్ళను అడిగి తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి బొటనవేలంత భూతద్దం తీసి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాడు. అర నిమిషం పట్టలేదు.

"ఇది అచ్చులో తప్పు కాదమ్మా. నాణెం మీద ముద్ర కొట్టేటప్పుడు అచ్చు కాస్త కదిలింది, అంతే. అందుకే ఈ రెండో గీత మెట్టులాగా చదునుగా ఉంది. అచ్చులోనే రెండుసార్లు పడి ఉంటే రెండు గీతలూ ఉబ్బెత్తుగా ఉండేవి, చివర్లు చీలి ఉండేవి."

"అయితే ఎంతొస్తది?"

"రెండు రూపాయలు."

యశోద చింతపండు చేతిని కొంగుకు తుడుచుకుంది.

"నాణెం తెలిసినవాడెవడూ తోమమనడు. తోమితే ఉన్న విలువ కూడా పోతుంది. డబ్బు పంపకండి," అన్నాడు పెద్దాయన.

"గిట్ల చెప్పి రెండు రూపాయలకు కొట్టేద్దామని సూస్తున్నవా?"

ఆయన బిళ్ళను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "నాకొద్దు. ఒక్క పని చేయండి. గల్లాలోంచి ఏ తప్పూ లేని బిళ్ళ ఒకటి తీసి, దాని ఫొటో పంపండి. వాడేమంటాడో చూడండి."

"ఎవలు నువ్వు? ఏ ఊరు?"

"కోదాడ."

"పేరు?"

ఆయన పేరు చెప్పకుండా భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. యశోదకు ఒళ్ళు మండింది. పేరు చెప్పుకోలేనోడి మాట తానెందుకు వినాలని బండి చుట్టూ ఉన్నవాళ్ళందరి ముందూ అడిగేసింది. ఆయన సగం తాగి పెట్టిన టీని మోరీలో పారబోసింది. ఆయన పది రూపాయల నోటు గ్లాసు కింద పెట్టి, కోదాడ బస్సు వైపు నడిచాడు.

యశోద ఫోన్ తీసింది. ఇరవై వేలు అంకె కొట్టింది.

వేలు ఆగిపోయింది. కాజేయాలనుకున్నవాడు బిళ్ళను పళ్ళెంలో పెట్టి ఎందుకు పోతాడు?

గల్లాలోంచి చేతికందిన మామూలు బిళ్ళ తీసి ఫొటో కొట్టి పంపింది.

నిమిషంలో ఫోన్ మోగింది. ఇది ఇంకా అరుదైనదని, పన్నెండు లక్షలని, దీనికి ఇంకో ఇరవై వేలవుతుందని అవతలి గొంతు సంబరపడింది.

ఏ తప్పూ లేని బిళ్ళకు పన్నెండు లక్షలా! తనకు నమ్మకం లేదని యశోద చెప్పేసింది.

"మా నిపుణుడి కార్డు పంపుతున్నా. ఆయనే పరీక్ష చేసి ధర కట్టాడు. చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది," అన్నాడు వాడు.

కార్డు వచ్చింది. గుండ్రటి ముద్ర, ఒక పేరు, పొడుగాటి హోదా, పక్కన ఫొటో.

ఇప్పుడే వెళ్ళిపోయిన పెద్దాయన ఫొటో.

అంతా ఒకే ముఠా అనుకుని యశోద బస్టాండ్‌లోకి పరిగెత్తింది. సూర్యాపేట బస్సు దగ్గర కండక్టర్ కృప నిలబడి ఉంది. రోజూ చిల్లర కోసం వచ్చే మనిషే. యశోద ఫోన్ చూపించి, ఆ కోదాడ బస్సు ఆపమని, దొంగ అందులోనే ఉన్నాడని చెప్పింది.

కృప ఫొటో చూసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగక్కా. పోయిన నెల సూర్యాపేటల గిట్లనే కార్డు సూసినోళ్ళు ఈ సారును పట్టుకుని కొట్టిండ్రు. కార్డు మీదున్న పేరే చెప్పిండని కొట్టిండ్రు. నేనే అడ్డంబోయి బస్సెక్కించిన. పెదవి పగిలింది. వాళ్ళ మీద కేసు పెట్టమంటే పెట్టలే. వాళ్ళు పైసలు పోయినోళ్ళు, పాపం అన్నడు."

"మరి కార్డు మీద ఆయన ఫొటో ఎట్లొచ్చింది?"

కోదాడ బస్సు అప్పటికే గేటు దాటి మలుపు తిరిగింది.

"నాణేల మీద ఆయన రాసిన పుస్తకం అట్ట మీదిది అది, దొంగలు ఎత్తుకపోయిండ్రు, ఇగ తన మొహం సూసి ఇంకెవరూ మునగొద్దని, పేరు చెప్పకుంట గీ మూడు ఊర్ల బస్టాండ్లల్ల రోజూ గిట్లనే తిరుగుతుండక్కా."