ఫ్రేము బయట మిగిలినది

రాత్రి బాగా పొద్దుపోయింది. మొగుడు రాసిన మొదటి పుస్తకాన్ని డీటీపీ పని తెలిసిన కొత్త పెళ్లికూతురే ముచ్చటపడి పేజీలుగా పేర్చి పీడీఎఫ్ చేసింది. తెల్లారేలోగా ప్రెస్సుకు పంపాలి. ఫైలేమో ఏనుగంత ఉంది, మెయిలు మోయనంటోంది.

"ఏమోయ్, నా రాతలు అంత బరువా?" వంటగదిలోంచి అతను అరిచాడు.

"రాతలు దూదిపింజలే మహానుభావా! బరువంతా మీ మొహానిదే. ముందు ఆ టీ పట్టుకురండి."

నిజంగానే బరువంతా చివరి పేజీలో, అతని ఫొటోలో ఉంది. అది కాలేజీ రోజులది. అప్పటికి వాళ్లిద్దరికీ ముఖపరిచయమైనా లేదు. పేజీలో అతని మొహమే కనిపిస్తున్నా, ఫ్రేము బయట మిగతా ఫొటో అంతా ఫైల్లోనే దాగి ఉంటుంది. దాన్ని తీసేస్తే సరి. అలవాటు కొద్దీ మీట నొక్కేసింది. పోతూ పోతూ ఆ దాగిన భాగం తెర మీద క్షణంపాటు మెరిసింది.

అతని చెయ్యి పట్టుకుని పక్కనే నవ్వుతున్నది తనే. ఇప్పుడు కట్టుకున్న ఈ చీరలోనే.

బొమ్మ మాయమైంది. ఫైలు ఈకలా తేలికైపోయింది. ఆమె అన్‌డూ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది. రాలేదు. వంటగదిలో అలికిడి ఆగిపోయింది.

"ఏమండీ..." వంటగది వైపు తిరిగి పిలిచింది.

అతను గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఒక్క కప్పే ఉంది. ఎంతో మర్యాదగా నవ్వాడు.

"ఎవరండీ మీరు? ఎవరి కోసం వచ్చారు?"