పాకాలలో సప్పిడి కూర

"మే లోహితా, ముందు నువ్వు పెట్టు చెయ్యి. అది ఎంత గట్టిగా పట్టుకుంటాదో చూసి నేను పెడతా" అంది భారతమ్మ.

నర్సు జెస్సీ నవ్వుతూ కోడలి చేతికి బీపీ పట్టీ చుట్టింది. వంటలో ఉప్పు తగ్గిస్తే బీపీ దిగుతుందా, కిడ్నీలకు మేలు జరుగుతుందా అని తిరుపతి డాక్టర్లు చేస్తున్న పరిశోధన అది. పాకాలలో ఎంచుకున్న ఇళ్లల్లో వీళ్లదొకటి. అత్తాకోడళ్లిద్దరూ సంతకాలు పెట్టారు. లోహిత భర్త గిరిప్రసాద్‌కు నగరిలో పని, ఆదివారాలే ఇంటికొస్తాడు.

"అక్కా, అంకెలు మాత్రం నా చెవిన వెయ్యొద్దు. ఏదున్నా మా అత్తకే చెప్పండి" అంది లోహిత కళ్లు గట్టిగా మూసుకుని. కానుపప్పుడు డాక్టర్ల హడావుడి చూసినప్పటి నుంచీ ఆ బీపీ మిషనంటే ఆమెకు దడ.

జెస్సీ ఆ మాట కూడా కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంది. ఇద్దరి మూత్రం రెండు డబ్బాల్లో తీసుకుని వెళ్లిపోయింది.

వారం తర్వాత వచ్చి భారతమ్మను పంచలోకి పిలిచింది. చాలాసేపు మాట్లాడుకున్నారు.

"ఏమంట అత్తా?"

"బీపీ ఉండాదంట. మూత్రంలో ప్రొటీను పోతా ఉండాదంట. ఇప్పుడే నోరు కట్టుకుంటే మాత్రలు కూడా వద్దంట. లేదంటే కిడ్నీలకు ముప్పంట."

లోహిత అత్త భుజం పట్టుకుంది. ఎదురింటి తాయమ్మ డయాలసిస్‌కని వారానికి రెండుసార్లు బస్సెక్కడం చూస్తూనే ఉంది. "నీకేమన్నా అయితే నేనూ నా బిడ్డా యాడికి పోవాలత్తా?"

"ఏడిస్తే బీపీ దిగుతాదా? పొయ్యి కాడికి పద."

ఆ రోజు నుంచీ ఇంట్లో ఉప్పు తగ్గించిన సప్పిడి కూరే. ఊరగాయ జాడీ వీధి చివర రాజశ్రీ ఇంటికి పోయింది.

"నీకు వేరేగా చేస్తాలే అత్తా."

"అంటే నువ్వు ఊరగాయ నంజుకుంటా ఉంటే నేను గుటకలు మింగాల్నా? ఒకటే కూర, ఇద్దరికీ. ఇంకోటి, అందరూ తిన్నాక వంటింట్లో ఒక్కదానివే కూర్చుని తినే అలవాటు మానుకో. నా ఎదురుగా కూర్చో. నేను దొంగతనంగా ఉప్పు చల్లుకుంటే ఎవురు పట్టుకుంటారు?"

లోహిత పోలీసులా కాపలా కూర్చుంది. సంగటి ముద్ద, సప్పిడి పప్పు. మొదటి వారం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మింగారు.

పొద్దున్నే రైల్వే స్టేషన్‌ దాకా నడక.

"ఒంటిగా పోతే కళ్లు తిరిగి పడతానేమో, తోడు రా" అనేది భారతమ్మ. తీరా మనవరాలిని చంకనేసుకుని ఆమే ముందు. కోడలు వెనక రొప్పుతూ, "నిదానం అత్తా, నీ ఒళ్లు బాగలేదు!"

"ఆ సంగతి నా ఒంటికి తెలీదులేమ్మే!"

జెస్సీ వచ్చినప్పుడల్లా ఇద్దరినీ చూసి, అంకెలు రాసుకుని, భారతమ్మతో గుసగుసలాడి పోయేది. లోహిత రోజూ దణ్ణం పెట్టుకునేది. అత్త పిడికెడు వడియాలు అడిగితే కూడా కరగలేదు.

మూడు నెలలయ్యాక ఇద్దరినీ తిరుపతి రమ్మన్నారు. బస్సులో లోహిత అత్త పక్కనే కూర్చుంది. అత్త చెయ్యి వదలనే లేదు.

డాక్టరమ్మ కాగితం చూస్తూ తలూపింది. "చాలా బాగుంది. బీపీ మామూలుకొచ్చింది. ప్రొటీను పోవడం ఆగింది. మాత్ర ఒక్కటి కూడా లేకుండా!"

"అత్తా, గెలిచినావత్తా!" లోహిత అక్కడే భారతమ్మను వాటేసుకుంది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేశాయి. "నువ్వు గట్టిదానివి కాబట్టి సరిపోయింది. నేనైతే బీపీ అన్న మాట వినగానే సగం చచ్చేదాన్ని!"

డాక్టరమ్మ అయోమయంగా భారతమ్మ వైపు చూసింది.

"ఇంక చూపించొచ్చు తల్లీ, ఇప్పుడు బయపడదులే" అంది భారతమ్మ కోడలి కళ్లు తుడుస్తూ.

డాక్టరమ్మ కాగితాన్ని లోహిత వైపు తిప్పింది.

పైన ఉన్నది లోహిత పేరు.