గొంతు పోయిన రోజు

“ఈ నీళ్లు యాడికి పోతయ్?”

కాలుష్యం ఆఫీసు నుంచి వచ్చిన సదాశివ సారు తొట్టి మీదికి వంగి అడిగాడు. రశ్మి అమ్మ వైపు చూసింది. మెడకు మఫ్లర్ చుట్టుకున్న జయమ్మ గొంతు చూపించి, నువ్వే చెప్పమన్నట్టు సైగ చేసింది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్ముడుపోని పాత పుస్తకాలకు ఆమె బేరమాడుతుంటే ఆ గొంతు పెద్ద పోస్టాఫీసు దాకా వినబడేది. ఆ పుస్తకాలనే నానబెట్టి, రుబ్బి, ఈ నాంపల్లి గల్లీ షెడ్డులో కొత్త కాగితం చేస్తారు. నాన్న పోయాక తల్లీకూతుళ్ల అన్నం ఈ తొట్లలోంచే వస్తోంది. అంతటి గొంతూ తెల్లవారేసరికి పోయింది. తనిఖీకి వస్తున్నారన్న కబురుకు భయపడే పోయిందనుకుంది రశ్మి.

“యాడికీ పోవు సార్. మురికి అడుగుకు దిగినంక పై నీళ్లు మళ్ల వాడుతం.”

“గల్లీల రంగు నీళ్లు ఇడుస్తున్నరని ఫిర్యాదు. ఫోన్ ఎత్తింది నేనే. ఎవరో ఆడమనిషి, ఏం లొల్లి పెట్టింది. చెవుల ఇంకా గుయ్యంటుంది.”

పక్కింటి జితేందర్ భార్యే అయ్యుంటుంది. గోదాముకు ఈ షెడ్డు కావాలని వాళ్లు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నారు.

“పర్మిషన్ ఏది?”

“అర్జీ పెట్టి ఏడాదైంది సార్. ఎవరూ వచ్చి చూడలే.”

“లేకుంటే తాళమెయ్యాలె. తెలుసు గదా?”

సారు సంచిలో చెయ్యి పెట్టాడు. తాళమే తీస్తున్నాడనుకుని రశ్మి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన చేతిలో గాజు సీసా ఉంది. తొట్టి నీళ్లు ముంచి వెలుతురుకు ఎత్తాడు. బయట మోరీలో వేలు పెట్టి చూశాడు. ఎండిపోయి ఉంది.

“ఏమమ్మా, ఈ పద్ధతి ఎవరు నేర్పిన్రు?” ఈసారి జయమ్మనే అడిగాడు.

ఆమె ముఖం పాలిపోయింది. పెదవి విప్పకుండా తల దించుకుంది.

“జర నోరు తెరువమ్మా.”

“గొంతు పోయింది సార్,” అంది రశ్మి, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన మెత్తబడ్డాడు. “ఫికర్ చెయ్యకు బిడ్డా. తప్పేం లేదిక్కడ. రిపోర్టు నేనే రాస్త, పర్మిషనొస్తది.”

“మరి ఏడాది నుంచి ఎందుకు రాలే సార్?”

“అర్జీలు గుట్టలు పడ్డయ్. ఫిర్యాదొస్తెనే మమ్ముల తోలుతరు. రూలు లేకుంటే ఈ మోరీల రంగు నీళ్లే పారుతుండె. రూలైతే ఉంది, చూసేటోళ్లే లేరు.” హెల్మెట్ పెట్టుకుంటూ గల్లీ అంతా ఓసారి కలియజూశాడు. “ఆ లొల్లి చేసినామె మళ్ల మాట్లాడితే గుర్తుపడ్త. దొంగ ఫిర్యాదుకు కేసు పెట్టిస్త.”

బండి గన్‌ఫౌండ్రీ వైపు మళ్లింది. చప్పుడు వినబడనంత దూరం పోయింది.

జయమ్మ మఫ్లర్ విప్పి, గల్లీ చివరిదాకా వినబడేలా “పోయిండా?” అంది.