ఏరు దాటిన చిటపట

గుండ్లకమ్మ పొంగి బేస్తవారిపేట బాట తెగిన ఏడు అది.

దొరతనం వారు ఊరి చావిడికి ఇచ్చిన రేడియో అంకన్న చేతికింద ఉండేది. పొద్దు గూకగానే మద్రాసు పాట మొదలయ్యేది. పాట మీద చిటపట మొదలయ్యేది.

"పాటను నూనెలో వేయిస్తున్నట్లుందే మామా," అనేవాడు పొరుగింటి నరసింహులు.

ఆ చిటపట ఏటి అవతలి పల్లెలో పుడుతోందని తెలిసి, ఒకనాడు అంకన్న మోకాటిలోతు నీళ్లు దాటిపోయాడు.

ఆ పల్లెకు కొత్తగా వచ్చిన ఏబేలు పాకలో కూర్చుని ఉన్నాడు. ముందర రాతిపలక. దాని మీద ఎదురెదురుగా రెండు మేకులు. పక్కన పాత లారీ బ్యాటరీ, తీగ చుట్టిన కాయిలు. కప్పు మీదికి రాగి తీగ.

మీట నొక్కితే మేకుల నడుమ నిప్పురవ్వ ఎగిరింది.

"మా రేడియోను చెడగొట్టేది నువ్వేనా?"

ఏబేలు అతని మొహంలోకి చూశాడు.

"వినపడిందా అన్నా!"

"వినపడక? పాటంతా పాడాయె!"

"ఇక్కడ రవ్వ ఎగిరితే గాలిలో అల లేస్తది. తీగ లేకుండా ఏరు దాటింది! వానలప్పుడు కబురు పంపను పనికొస్తది."

"ఆపుతావా, లేదా?"

"వినపడిందంట!" ఏబేలు చప్పట్లు కొట్టాడు.

అంకన్న తిట్టుకుంటూ వచ్చేశాడు.

వారానికి వరద. అంకన్న ఒక్కగానొక్క కూతురు సామ్రాజ్యం ఏటి అవతల, ఆ పల్లెలోనే చిక్కింది. తల్లి లేని పిల్ల. పురుడు అత్తగారింట్లోనే. నెలలు నిండాయి. మూడు రోజులుగా కబురు లేదు.

మూడో సాయంత్రం రేడియో అదేపనిగా చిటపటలాడింది.

"నా బిడ్డ ఎట్లుందో తెలియక నేను చస్తుంటే, వీడి ఆటలేంది!"

అంకన్న రేడియో కట్టేశాడు.

తెల్లారి నీళ్లు తీశాయి. అంకన్న నడుములోతులో దాటాడు.

సామ్రాజ్యం మంచంలో నవ్వింది. పక్కలో పసిబిడ్డ.

"విన్నావా నాయనా? నువ్వు దిగులుపడతావని, బిడ్డ పుట్టినకాడ్నుంచి ఏబేలన్న నీకోసమే మీట నొక్కినాడు. వేళ్లు బొబ్బలెక్కినా ఆపలా."

అంకన్న బిడ్డ తల నిమిరి లేచాడు.

"ఏబేలుకు ఒక్క మాట చెప్పొస్తానమ్మా."

"చెప్తే వినపడదు నాయనా. పలకల గనిలో తూటా పేలి చెవులు రెండూ పోయినాయి. ఆ పొద్దు నీ కోపం చూసే, ఏరు దాటిందని తెలుసుకున్నాడంట."

ఏబేలు తన పాక ముందర నిలబడి ఆశగా చూస్తున్నాడు.

అంకన్న కళ్లు తుడుచుకుని, ఎదురుగా పోయి, చేతనైనంత కోపంగా కనుబొమలు ముడిచాడు.