పలకని పెట్టె

“ఇది పాడదట. ప్లగిన్ లేదట. మొన్నటిదాకా అందరికీ శుభ్రంగా పాడిన పెట్టెకి ఇవాళ ఏం రోగం వచ్చింది?”

టైపు మేడమ్ మౌసును బల్లకేసి కొట్టినంత పని చేసింది. ఆసుపత్రిలో మాటలు నేర్పే గది అది. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. ఎడమ చెయ్యి బాగానే ఉంది, కుడికాలు కాస్త కదులుతోంది, నోటి నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు.

“గురువారం కంప్యూటర్లన్నీ మార్చేశారండీ,” అంది థెరపిస్టు నొచ్చుకుంటూ. “విండోస్ బదులు ఇప్పుడు ఇందులో ఉన్నది లినక్స్ అట. నాకూ కొత్తే.”

“మార్చేముందు ఒక మాట చెప్పాలి కదమ్మా. ఇష్టమైన పాటలు వినిపిస్తే ఆయన నోరు పెగలొచ్చని చెప్పింది మీరే. మూడు రోజులు కూర్చుని క్యాసెట్లన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాను. తీరా తెస్తే ఇదీ వరస.”

ఆమె కోపంలో న్యాయం ఉంది. ఇవాళ కూడా మాట రాకపోతే ఫైలు మూసి ఇంటికి పంపేయమని పెద్ద డాక్టరు రాసి పెట్టాడు. ఉన్న గంటలో పావుగంట అప్పుడే ఆ పెట్టె మింగేసింది.

థెరపిస్టు కంప్యూటర్ల సెక్షన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేసింది.

“ఆ రకం పాటల ఫైళ్ళకు వేరే సామాను ఎక్కించాలమ్మా,” అన్నాడు అవతలి పెద్దమనిషి. “లైసెన్సుల గొడవ వల్ల ముందే పెట్టి ఇవ్వరు. సోమవారం మనిషిని పంపిస్తాను.”

“సోమవారానికి మేం ఇక్కడ ఉండం,” అంది టైపు మేడమ్.

“మరి నన్నేం చెయ్యమంటారు? టెర్మినల్ తెరిచి కమాండ్లు కొట్టాలి. అది మీ వల్ల అయ్యే పని కాదు.”

ఊళ్ళో సగం ఆఫీసుల గుమాస్తాలకు టైపు నేర్పిన మనిషితో అన్న మాట అది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. చేతిగాజులు మోచేతి వైపు తోసుకుంది.

“నాయనా, నువ్వు చదువు. నేను కొడతాను. అక్షరం తప్పితే అప్పుడు చెబుదువు గాని.”

నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది. అతను ఒక్కో అక్షరం చెబుతూ ఊపిరి పీల్చుకునేలోపు ఆమె కొట్టేసి ఖాళీగా కూర్చుంటోంది.

“నువ్వు ఒక్క వేలితో కొట్టే రకంలా ఉన్నావే. కాస్త చురుగ్గా చదువు, టైము లేదు.”

పెట్టె పాస్‌వర్డు అడిగింది. థెరపిస్టు డ్రాయరులోంచి చీటీ తీసి ఇచ్చింది. మేడమ్ కొట్టింది. తెరమీద ఏమీ పడలేదు. మళ్ళీ కొట్టింది. అప్పుడూ అంతే.

“బాగుంది. కీబోర్డు కూడా చచ్చింది.”

“చావలేదమ్మా. పాస్‌వర్డు కొడుతుంటే కనబడదు. చుక్కలు కూడా పడవు.”

“కొట్టింది కనబడకపోతే తప్పో ఒప్పో మనిషికెలా తెలుస్తుంది? ఎవడయ్యా ఈ రూలు పెట్టింది?”

“నేను మాత్రం కాదమ్మా.”

ఆమె కళ్ళు మూసుకుని, పిల్లలకు నేర్పినట్టే, చూడకుండా కొట్టింది. ఈసారి వరసకు వరస అక్షరాలు జలజలా కిందికి దిగాయి. దిగి దిగి ఒకచోట ఆగాయి. షరతులు ఒప్పుకుంటారా అని అడుగుతోంది. ‘సరే’ అన్న గడిమీద ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

“అక్కడ మౌసు పనిచెయ్యదమ్మా. ట్యాబ్ కొట్టి ఎంటర్ కొట్టండి.”

“ఒప్పుకుంటానంటే కూడా ఒప్పుకోనివ్వదు. ఎక్కడ దొరికిందయ్యా మీకిది?”

ట్యాబ్. ఎంటర్. మళ్ళీ వరసలు. అన్నీ అయ్యాక పాట మీద నొక్కితే గీత కదిలింది, నిమిషాలు లెక్క పెట్టింది, చప్పుడు మాత్రం లేదు. గంట నిండడానికి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. టైపు మేడమ్ ముక్కుపుటాలు అదిరాయి.

“ఇప్పుడు మూగనోము పట్టింది.”

“సౌండు మానిటర్‌కి వెళ్తున్నట్టుందండీ,” అంది థెరపిస్టు సెట్టింగులు వెతికి.

“మానిటర్‌కి నోరుందా? అది చూసేదా, వినేదా? బుద్ధున్నవాళ్ళెవరైనా పాటను అక్కడికి పంపిస్తారా?”

థెరపిస్టు స్పీకర్లను ఎంచి నొక్కింది.

వయొలిన్లు ఒక్కసారిగా గదిలోకి దూకాయి. వాటి వెనకే సన్నటి గొంతు. టైపు మేడమ్ కోపమంతా ఎటు పోయిందో, కళ్ళు నిండిపోయాయి.

చక్రాల కుర్చీలో మనిషి తల ఎత్తాడు. ఎడమ అరచేత్తో కుర్చీ చేతిమీద ఒకసారి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

“చూశారా, తాళం వేస్తున్నారు,” అందామె సౌండు ఇంకా పెంచుతూ. “ఈ పాటంటే ఆయనకు ప్రాణం. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పొద్దున్నే మొదట మోగేది ఇదే.”

అరచెయ్యి దబదబా కొడుతోంది. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, పెదవులు ఒక పక్కకు మెలితిరిగాయి. థెరపిస్టు పరుగున వచ్చి కుర్చీ ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

“వస్తోంది సార్. చెప్పండి. మెల్లగా చెప్పండి.”

టైపు మేడమ్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఆయన నోటి దగ్గరకు చెవి చేర్చింది.

“ఆ... ఆపవే,” అన్నాడాయన నాలుగు నెలల తర్వాత. “ముప్పై... ఏళ్ళు... భరించా.”